రేడియో చర్చలో ఆ ఒక్క మాట

మా సోషల్ సార్ పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం ప్రొద్దుటూరులో నా డీటీపీ సెంటరు షట్టరు ఎత్తుతుండగా ఫోను మోగింది. ఆయన చెల్లెలి గొంతు. "అన్న పోయినాడు పాపా. కాఫీ కలిపి లేపబోతే లేయలేదు. నిదానంగానే రా, తొందరేం లేదు. వచ్చేవాళ్లు పెద్దగా ఎవరూ లేరులే" అంది. ఆమె ఏడవలేదు. సగం ఎత్తిన షట్టరు మళ్లీ దించి బస్టాండుకు నడిచాను.

జమ్మలమడుగులో ఆయన ఇల్లు ఒక ఇరుకు సందులో రెండు గదులది. ముప్పై ఏళ్లు ఆ ఊరి హైస్కూల్లో పాఠం చెప్పిన మనిషి. నేను వెళ్లేసరికి ముంగిట్లో ఎనిమిది మందో తొమ్మిది మందో ఉన్నారు. వాళ్లలో ఇద్దరు పక్కింటివాళ్లు, ఒకతను పాలు పోసేవాడు. భార్య పెళ్లయిన నాలుగేళ్లకే పోయింది. పిల్లలు లేరు. జ్వరంగా ఉందని తెలిసి చెల్లెలు నాలుగు రోజుల ముందే కొండాపురం నుంచి వచ్చింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ తలుపు ఎప్పుడు తట్టేవాళ్లో, ఎవరు తట్టేవాళ్లో. ఆమె నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

ఆయన గురించి పత్రికల్లో రెండు వాక్యాలు కూడా రాలేదు. అందుకే నేను రాస్తున్నాను. రాయడం నా పని కాదు. ఇతరులు రాసింది టైపు చేయడమే నా పని. తప్పులుంటే ఆయన ఉన్నప్పుడు దిద్దినట్టు ఇప్పుడు దిద్దేవాళ్లు లేరు.

తొమ్మిదో తరగతిలో మాకు ఆయన శనివారం చివరి పీరియడు చర్చ పెట్టేవారు. "ఊరికి సినిమా హాలు కావాలా, లైబ్రరీ కావాలా" అని ఒకసారి. చీటీలు వేసి పక్షాలు పంచారు. నాకు సినిమా హాలు వచ్చింది. నాకు లైబ్రరీ అంటే ప్రాణం. మార్చమని అడిగాను. ఒప్పుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడ్చుకుంటా అయినా చెప్పు పాపా. నీకు ఇష్టం లేని పక్కన నిలబడినప్పుడే అవతలోళ్ల మాట నీకు సరిగ్గా ఇనబడేది" అన్నారు.

ఇంకో అలవాటు ఉండేది. చర్చ మొదలయ్యే ముందు లేచి వెళ్లి ఫ్యాను ఆపేవారు. జమ్మలమడుగు ఎండలు తెలిసినవాళ్లకు అదెంత కష్టమో తెలుస్తుంది. చొక్కాలు ఒంటికి అంటుకుపోయేవి. ఎవరైనా గొణిగితే, "మాట ఇనాలంటే చెమట పట్టాల" అనేవారు. చదివిన కాగితాన్ని బల్లమీద చప్పుడు కాకుండా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టేవారు. మాకు నవ్వొచ్చేది. ఆ రెండు అలవాట్లూ రేడియో స్టూడియోలో నేర్చుకున్నవని నాకు తెలిసింది ఎన్నో ఏళ్ల తరువాత.

నాకు పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చి, డీటీపీ సెంటరు పెట్టుకున్నాక, ఒక మంగళవారం ఆయన గుడ్డ సంచీతో లోపలికి వచ్చారు. రిటైరయి చాలాకాలమైంది. నన్ను గుర్తుపట్టలేదు. నేనే చెప్పాను. "సినిమా హాలు పాపవు గదా" అన్నారు. సంచీలోంచి మూడు లాంగ్ నోట్‌బుక్కులు తీశారు. రేడియోలో చర్చా కార్యక్రమాల చరిత్ర రాస్తున్నానన్నారు. ఎవరు చదువుతారని అడగబోయి ఆగిపోయాను. ఆయనే చెప్పారు. "ఎవరూ చదవరులే. అయినా ఎవరో ఒకరు రాసిపెట్టాల గదా."

అప్పటి నుంచి వారం తప్పకుండా మంగళవారం వచ్చేవారు. నేను టైపు చేస్తుంటే పక్కన స్టూలుమీద కూర్చుని చెప్పేవారు. ఫ్లెక్సీల కోసం, పెళ్లిపత్రికల కోసం వచ్చినవాళ్లు కూడా ఆగి వినేవాళ్లు.

రేడియో కొత్తలో చర్చ అనేది లేదట. ఒకరు మాట్లాడేవాళ్లు, మిగిలిన దేశమంతా వినేది. తెల్లవాళ్ల కాలంలో రాజకీయం ఊసెత్తడానికే లేదు. ఆ తరువాత ఇద్దరు ముగ్గురిని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి తలో మాటా చెప్పించడం మొదలైంది. కానీ అది కూడా ముందే రాసుకొచ్చి చదవడమే. కాగితాలు ముందుగా పంపాలి. అధికారి చదివి, కొట్టేయాల్సింది కొట్టేస్తాడు. మిగిలింది ఎదురెదురుగా కూర్చుని చదవాలి.

"కోపం గూడా రాసుకొచ్చి చదివేటోళ్లు పాపా" అని నవ్వేవారు. "'మీతో నేను ఏకీభవించను' అని కాగితంలో ఉంటాది. దాన్ని చదివేటప్పటికి అవతలాయన ఇంకా ఏమీ చెప్పనే చెప్పలేదు."

అయితే ఆయన పుస్తకం చెప్పదలచుకున్న సంగతి వేరే. అసలు చర్చ స్టూడియోలో జరగలేదు, ఊళ్లలో జరిగింది అని ఆయన వాదన. పంచాయతీ ఆఫీసు ముందు రేడియో పెట్టేవాళ్లు. ఊళ్లో పదిహేను ఇరవై మంది శ్రోతల సంఘంగా చేరేవాళ్లు. కార్యక్రమం అయ్యాక రేడియో ఆపేసి వాళ్లు మాట్లాడుకునేవాళ్లు. ఎవరు ఏమన్నారో ఒక రిజిస్టరులో రాసి, అడగాల్సినవి ఉత్తరం రాసి రేడియో కేంద్రానికి పంపేవాళ్లు. ఆ ఉత్తరాలకు మళ్లీ రేడియోలోనే జవాబు వచ్చేది. "మా ఊరి పేరు రేడియోలో ఇనబడిన దినం ఇంటింటా పండగే. యానాడూ నోరెత్తని మనిషి గూడా రెండో వారం లేచి నిలబడి మాట్లాడినాడు" అనేవారు.

ఆయన ఊరు కొండాపురం దగ్గర. ఆ ఊరి సంఘానికి రిజిస్టరు రాసింది ఆయనే. అప్పటికి ఇరవై రెండేళ్లు. ఉత్తరం చదివి వినిపించేది వాళ్ల బావ, అంటే మేనమామ కొడుకు. తరువాత ఆయనే సార్ చెల్లెలి భర్త అయ్యాడు. ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లు. ఇద్దరూ దేనిమీదా ఒప్పుకునేవాళ్లు కాదట. శెనక్కాయ ఎప్పుడు విత్తాలన్నదానికి మొదలుపెట్టి ఓటు ఎవరికి వేయాలన్నదాకా, పొలం గట్టుమీద, ఎద్దులబండిలో, పెళ్లి భోజనాల వరసలో కూర్చుని కూడా వాదించుకునేవాళ్లు.

వాళ్ల సంఘం ఉత్తరాలు బాగుంటాయని రేడియో కేంద్రం నుంచి ఒకసారి ఇద్దరికీ పిలుపు వచ్చింది. మన కరువుకు మందు పెద్ద జలాశయమా, ఊరి చెరువా అని చర్చ. సార్ చెరువు పక్షం కావాలనుకున్నారు. అక్కడి అధికారి ఇద్దరి గొంతులూ విని, నీ గొంతు గట్టిగా ఉంది, జలాశయం నువ్వు తీసుకో అన్నాడట. బావకు చెరువు వచ్చింది. కాగితాలు ముందే చూసి దిద్ది ఇచ్చారు. మైకులో ఏ చప్పుడూ పడకూడదని, చదివిన కాగితం మెల్లగా పెట్టమన్నారు. ఫ్యాను ఆపేశారు. అధికారి అద్దం అవతల కూర్చున్నాడు. ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. ఇద్దరూ మైకు ముందు చదివారు.

ఊరంతా పంచాయతీ ఆఫీసు ముందు చేరి విన్నది. సార్ గొంతు అదరగొట్టేసింది. నీళ్లు ఎట్లా వస్తాయో, పులివెందుల మెట్టలు ఎట్లా తడుస్తాయో, వలసపోయిన కుటుంబాలు ఎట్లా తిరిగి వస్తాయో ఆయన చెప్తుంటే ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారట. వాళ్లు తిరిగి వచ్చినరోజు బస్సు దిగగానే భుజాలమీద ఎత్తుకున్నది సార్‌నే. బావ వెనక సంచీలు మోసుకుంటూ నడిచి వచ్చాడు.

"నేను చెప్పింది నాకు ఇష్టం లేని పక్క. ఊరు నమ్మింది దాన్నే" అన్నారు సార్ ఒక మంగళవారం. ఆరోజు ఇంకేమీ టైపు చేయించలేదు.

చాలా ఏళ్లు గడిచాయి. గండికోట జలాశయం కట్టి నీళ్లు నింపారు. ఆ నీళ్లకూ వీళ్ల చర్చకూ ఏ సంబంధమూ లేదని అందరికీ తెలుసు. అయినా కొండాపురం చుట్టుపక్కల మునిగిన ఊళ్లలో సార్ వాళ్లదీ ఒకటి. ఊరు ఖాళీ చేసే రోజుల్లో సార్ జమ్మలమడుగు నుంచి రోజూ పోయి సామాన్లు సర్దే పనిలో సాయపడ్డారు. తలుపులు, దూలాలు పీకి ట్రాక్టర్లకెక్కిస్తున్నారు. ఆ సందట్లో ఎవరో ముసలాయన అన్నాడు: "రేడియోలో అడిగి తెప్పించుకుంటివి గదప్పా నీళ్లు. వచ్చినాయి చూడు."

అది ఎగతాళిగానే అన్నాడు. నలుగురూ నవ్వారు. సార్‌కు మాత్రం ఒళ్లు మండింది.

"నేను అదొక్కటే చెప్పలేదప్పా. మునిగే ఊరిని ముందు అడగాలని గూడా చెప్పినా. కాగితంలో లేకున్నా చెప్పినా. అద్దం అవతల ఆ అధికారి చెయ్యెత్తి ఆపమన్నాడు. అయినా చెప్పినా" అన్నారు.

పక్కనే బావ దూలానికి తాడు కడుతున్నాడు. తలెత్తకుండా అన్నాడు: "నువ్వు చెప్పలేదు బావా."

"చెప్పినా."

"చెప్పలేదు. బాగా గుర్తు తెచ్చుకో."

అంతే. అరవై ఏళ్లుగా వాదించుకున్న మనుషులు, ఆ తరువాత ఒక్క మాట వాదించుకోలేదు. బావ కుటుంబం కొండాపురం దగ్గర పునరావాస కాలనీలో ఇల్లు కట్టుకుంది. సార్ జమ్మలమడుగులోనే ఉండిపోయారు. చెల్లెలిని చూడటానికి పోతే బావ చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. ఎదురుపడితే బాగుండావా అంటే బాగుండా అనేవాడు. నలుగురి ముందు తనను అబద్ధాలకోరును చేశాడని సార్‌కు బాధ. తన ఊరు మునిగేటప్పుడు తన పక్కన నిలబడలేదని ఇంకా బాధ.

ఒక ఏడాది తరువాత బావ పొలం నుంచి వస్తూ పడిపోయి, ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. సార్ పోయి చూసి వచ్చారు. తరువాత రెండు నెలలు మంగళవారాలు రాలేదు. నేనే జమ్మలమడుగు పోయాను. తలుపు తీసే ఉంది. ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. టీవీలో ఏదో చర్చ నడుస్తోంది, నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. చప్పుడు తగ్గించి పెట్టుకున్నారు.

"ఇంతమంది మాట్లాడుతాండారు, ఒక్కరిదీ ఇనబడదు" అన్నారు. టీవీ ఆపేసి, "మాట్లాడేదానికి మనుషులు దొరుకుతారు పాపా. కాదనేవాడు దొరకడు. బావ లేకపోయేసరికి నా మాట నాకే చప్పగా ఉండాది" అన్నారు. వంటింట్లో చూస్తే పొద్దుటి అన్నం గిన్నెలో అట్లే ఉంది.

ఆరోజే ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. ఆ చర్చ టేపు ఎక్కడైనా ఉందేమో వెతకాలి. తన గొంతుతో ఆ మాట ఉంటే చెల్లెలికి వినిపించాలి. "బావకు ఇనిపించలేను గదా. ఆయమ్మకన్నా తెలియాల, వాళ్లన్న అబద్ధం చెప్పలేదని."

రేడియో కేంద్రానికి ఉత్తరం రాశారు. వాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. ఆ రోజుల్లో ఇట్లాంటి చర్చలు చాలావరకు అప్పటికప్పుడు ప్రసారమై పోయేవి, టేపు చేసినా దానిమీదే మళ్లీ ఇంకొకటి రికార్డు చేసేవాళ్లు అని. అది సార్‌కు తెలియని సంగతేం కాదు. తన పుస్తకంలో ఆయనే రాశారు. అయినా ఆ ఉత్తరం నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. వాళ్ల ఊరి రిజిస్టరు ఊరు మారేటప్పుడు ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు.

ప్రొద్దుటూరులో ఒక పాత రేడియో మెకానిక్ ఉన్నాడు. అందరూ భాయ్ అనే పిలుస్తారు. చిన్నప్పుడు తండ్రి వెంట సైకిలుమీద ఊళ్లు తిరిగి పంచాయతీ రేడియోలు బాగుచేసినవాడు. ఇప్పుడు కొడుకు సెల్‌ఫోన్ల షాపులో ఒక మూల కూర్చుంటాడు. నేను సార్‌ను అక్కడికి తీసుకుపోయాను. భాయ్ చాలాసేపు ఆలోచించాడు.

"టేపులు యాడ దొరుకుతాయి సార్. కానీ తొండూరు దగ్గర ఒక పల్లెలో పెద్దాయన ఉండె. ఆయన రిజిస్టరు శానా బాగా రాస్తాండె. రేడియోలో ఎవురు దగ్గినా రాసేటోడు. ఆయన లేడు గానీ, ఇంటామె ఉండాది. పోయి అడగండి."

మరుసటి ఆదివారం ఇద్దరం పులివెందుల బస్సెక్కాం. సార్ ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నారు. దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నారు. పులివెందులలో దిగి తొండూరు వైపు ఆటో మాట్లాడుకున్నాం. పచ్చటి చీనీ, అంటే బత్తాయి, తోటలు చూసి, "ఈడికి నీళ్లు రావాలనే గదా ఆపొద్దు నేను మాట్లాడింది" అన్నారు. ఆ మాటలో సంతోషమే ఉంది.

ఆ అవ్వకు తొంభై దగ్గరుంటాయి. మేము వచ్చిన పని చెబితే బోసినోటితో నవ్వింది. "రేడియో బుక్కులా? మా మనవరాలు పారేస్తానంటే పారేయనియ్యలేదు. ఆయప్ప రాసినవి" అంది. మనవరాలు అటకమీది ట్రంకుపెట్టె దించింది. అయిదారు రిజిస్టర్లు, అట్టలు ఊడిపోయి, దారంతో కట్టి ఉన్నాయి. సార్ లేచి వాళ్ల ఫ్యాను ఆపేశారు. కాగితాలు ఎగురుతాయని అవ్వ అనుకుంది.

వెతకడానికి గంట పట్టింది. దొరికింది నాకే. నేను చదవబోతుంటే సార్ చేయి చాపి తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, పైకే చదవడం మొదలుపెట్టారు. చక్కటి గుండ్రటి చేతిరాత. జలాశయం తరఫున మాట్లాడిన అబ్బాయి గొంతు చాలా బాగుందనీ, లెక్కలు చక్కగా చెప్పాడనీ ఉంది. సార్ ముఖం వెలిగింది. తరువాతి వాక్యం కూడా అదే ఊపులో అందుకున్నారు.

"చెరువు తరఫున మాట్లాడిన వ్యక్తి చివరలో, మునిగే ఊరిని ముందు అడగండి అన్నాడు. ఆ మాట అంటుండగానే కార్యక్రమం ఆగిపోయి పాట వేశారు. దీనిమీద మన సంఘంలో చాలాసేపు..."

అక్కడ ఆగిపోయారు. మళ్లీ ఆ వాక్యం మొదటి నుంచి చదివారు, ఈసారి పెదవులతోనే. రిజిస్టరు బల్లమీద పెట్టారు. చప్పుడు కాలేదు.

"ఏం సామీ, దొరికిందా నీది?" అంది అవ్వ.

"దొరికిందమ్మా" అన్నారు. "నాది కాదు."

పులివెందుల బస్టాండులో టీ తెచ్చి ఇస్తే చేతిలో పట్టుకుని చల్లారేదాకా కూర్చున్నారు. ప్రొద్దుటూరు బస్సు కదిలాక అన్నారు: "ఆ అధికారి చెయ్యెత్తింది నాకు ఇప్పటికీ కండ్లముందర ఉండాది పాపా. ఎర్రగా అయిన మొగం గూడా. అదంతా జరిగింది. అయితే చెయ్యెత్తింది నన్ను చూసి కాదు. నా పక్కనోన్ని చూసి." కాసేపటి తరువాత, "ఇన్నేండ్లు ఆ మాట నాదే అనుకోని బతికినా" అన్నారు. మిగిలిన దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను ఆయన చేతిమీద చేయి వేశాను. తీసేయలేదు. నావైపు తిరగలేదు.

ఇంకొకరైతే ఆ సంగతి అక్కడితో వదిలేసేవాళ్లు. చూసింది మేమిద్దరమే. నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. కానీ మంగళవారం ఆయన వచ్చి, ముందుగా పుస్తకంలో తమ చర్చ గురించిన అధ్యాయం తెరిపించారు. అందులో ఆ మాట తాను అన్నట్టు రాసుకున్నారు. నా చేత ఆ పేజీ చెరిపించి, బావ అన్నట్టు మళ్లీ చెప్పి టైపు చేయించారు. తరువాత, "కొండాపురం పోవాల. నువ్వు గూడా రా. ఒక్కన్నే పోతే చెప్పలేనేమో" అన్నారు.

కాలనీలో ఇళ్లన్నీ ఒకే వరసలో, కొత్త వేపమొక్కలతో ఉన్నాయి. ఆయన చెల్లెలు ముంగిట్లో శెనక్కాయలు వలుస్తోంది. మమ్మల్ని చూసి చాప వేసింది. సార్ కూర్చోలేదు. నిలబడే చెప్పారు.

"అమ్మీ, ఆపొద్దు రేడియోలో మునిగే ఊరిని అడగమన్నది నేను కాదు. బావ. నేను కాగితంలో ఉండేది చదివి ఊరుకున్నా. ధైర్యంగా చెప్పింది బావ. నేను అందరి ముందర నాదే అన్నా. తెలిసి అనలేదమ్మీ. కానీ అన్నా."

ఆమె వలుస్తున్న చేతులు ఆపలేదు. "నాకు తెలుసులే అన్నా" అంది.

"తెలుసా?"

"ఆ పొద్దు రాత్రే చెప్పినాడు గదా, రేడియో కాడినించి వచ్చినాక. ఆపమంటే గూడా ఆపలేదని, పాటేసినారని. నవ్వుకుంటా చెప్పినాడు. మాకు అప్పటికి పెండ్లి కాలేదు, మా నాయనతో చెప్తాంటే ఇన్నా."

సార్ గోడకు ఆనుకున్నారు. "మరి నాకెందుకు చెప్పలేదు? చెప్పలేదు బావా, గుర్తు తెచ్చుకో అన్నాడే గానీ, నేను చెప్పినా అని ఒక్క మాట అనలేదే?"

ఆమె అప్పుడు తలెత్తింది. "నేనూ అదే అడిగినా. చెప్పు, నలుగురికీ తెలియనీ అన్నా. ఆయప్ప ఏమన్నాడంటే, 'ఊరు పోయింది. ఆ మాట గూడా తీసేసుకుంటే బావకు ఇంకేం మిగల్తాది. ఉండనీలే' అన్నాడు. నీ మీద కోపంతో పోలేదన్నా బయటికి. ఎదురుగా కూర్చుంటే వాదన వస్తాది, వాదనలో నోరు జారుతానేమోనని పోయేటోడు."

నేను టైపు చేసిన వేల పేజీల్లో అట్లాంటి మాట చదవలేదు. సార్ అప్పుడు కూర్చున్నారు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదిలాయి. చెల్లెలు లేచి లోపలికి పోయి నీళ్లు తెచ్చి పక్కన పెట్టి, మళ్లీ వచ్చి శెనక్కాయలు అందుకుంది. కాసేపటికి ఆయన కూడా ఒక గుప్పెడు తీసుకుని వలవడం మొదలుపెట్టారు. ఎండ వాలేదాకా ముగ్గురం వలిచాం.

ఆయన అంతటితోనూ ఆగలేదు. ఆ తరువాత కాలనీలో వినాయకుని పందిరి దగ్గర మైకు ఉంటే అడిగి తీసుకున్నారు. ఊరు ఖాళీ చేసేరోజు తాను అన్నది తప్పని, ఆ మాట తన బావదని చెప్పారు. పందిట్లో పది మంది ఉంటారేమో. సగం మందికి ఆయన ఏం చెబుతున్నారో అర్థం కాలేదు. ఒక ముసలాయన మాత్రం, "ఇప్పుడు చెప్తే ఏం లాభమప్పా? ఊరు తిరిగి వస్తాదా?" అన్నాడు.

"లాభం లేదులే అప్పా. మాట ఎవురిదో వాళ్లకు చేరాల, అంతే" అన్నారు సార్. మైకు జాగ్రత్తగా బల్లమీద పెట్టి వచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు తేలికపడ్డారనుకున్నాను. లేదు. తరువాతి నెలల్లో ఇంకా ఒంటరి అయ్యారు. ముందు బావమీద కోపమన్నా తోడుండేది. ఇప్పుడు అదీ లేదు. మంగళవారం వచ్చి, స్టూలుమీద కూర్చుని, ఏదో చెప్పబోయి, "దీనికి బావ ఏమంటాడో నాకు తెలుసు" అని ఊరుకునేవారు. చెల్లెలు వచ్చి తన దగ్గర ఉండమంటే, "ఆ ఇంట్లో ఆయన కూర్చునే చోట నేనెట్ల కూర్చునేది అమ్మీ" అన్నారట. పుస్తకం పూర్తయింది. అచ్చు వేయిద్దామంటే తొందర లేదన్నారు. ఎవరైనా చదివి తప్పులు పట్టాలి, తప్పులు పట్టేవాళ్లు దొరికాక చూద్దాం అన్నారు. అట్లాంటివాళ్లు దొరకలేదు. నేను ఆయనతో వాదించడానికి ప్రయత్నించాను. ఒకటి రెండుసార్లు కావాలనే కాదన్నాను. ఆయన కనిపెట్టేశారు. "నువ్వు నా కోసం కాదంటాండావు పాపా. అది కాదనడం కాదు" అని నవ్వారు.

నేను ఆయనకు రుణపడింది ఇదీ అని విడమరచి చెప్పలేను. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకుండా ఉండటం కొంచెం నేర్చుకున్నాను. నేను గట్టిగా గుర్తుందనుకున్న సంగతులమీద ఇప్పుడు నాకు అంత ధీమా లేదు. అది మంచిదేననుకుంటాను. ఎనభై దాటిన వయసులో, ఎవరూ అడగకుండానే, తన గొప్పమాట తనది కాదని మైకులో చెప్పిన మనిషిని నేను చూశాను. ఆరోజు పందిట్లో ఉన్న పదిమందిలో ఒకదాన్ని.

మూడోరోజు అస్థికలు కలపడానికి చెల్లెలు, నేను, ఆమె కొడుకు ఆటోలో జలాశయం దగ్గరికి పోయాం. ఎండాకాలం కావడంతో నీళ్లు కొంత వెనక్కి తగ్గాయి. వాళ్ల ఊరికి పోయే పాత తారురోడ్డు బయటపడి ఉంది. రెండువైపులా ఎండి నెర్రెలిచ్చిన ఒండ్రు, మధ్యలో ఆ నల్లటి రోడ్డు నేరుగా నీళ్లలోకి దిగిపోతోంది. కొడుకు కార్యం పూర్తిచేసి గట్టెక్కాడు. ఆమె మాత్రం చెప్పులు విడిచి ఆ రోడ్డుమీద ముందుకు నడిచింది. నేను పిలవలేదు. నీళ్లు పాదాలకు తగిలాక కూడా నాలుగడుగులు వేసి, చీర కుచ్చిళ్లు తడుస్తుంటే ఆగింది. ఆమె నిలబడిన చోటు నుంచి ఇంకా కొంతదూరం నీళ్ల అడుగున రోడ్డు కనబడుతూనే ఉంది. ఆ తరువాత కనబడలేదు. ఆమె అటే చూస్తూ, ఎండ వీపుమీద పడుతుండగా, చాలాసేపు అట్లే నిలబడింది.